సుంకం లేని రేవు, ఫోటో లేని తాత

"సింగపూర్‌లో క్రూయిజ్ ఎక్కుతున్నాం. కెమెరా అక్కడే కొనేస్తే చవక కదా?" నాకు ఫోటోల పిచ్చి ఉందని ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి, ఏడాదికి నాలుగైదుసార్లైనా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. అడిగేవాళ్ళలో సగం మంది మా వైపు వాళ్ళే, అంటే శ్రీకాకుళం, విజయనగరం. ఒక్క ముక్కలో జవాబు చెప్పాలంటే, లెక్క వేసుకోకుండా కొనకండి. ఆ లెక్క ఎలా వెయ్యాలో చివర్లో చెప్తాను.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఆ ప్రశ్న వెనకున్న నమ్మకం. ఓడెక్కి పైదేశం రేవులో దిగితే కెమెరా చవక అన్నమాట మనకి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎందుకంటే వందేళ్ళ కిందట ఆంధ్రదేశంలో ఓడలెక్కి పైదేశం వెళ్ళినవాళ్ళలో మన వైపు వాళ్ళు ముందు వరసలో ఉన్నారు. అన్ని ఓడలెక్కిన జిల్లాల్లో, తాతగారి ఫోటో ఒక్కటైనా లేని ఇళ్ళు లెక్కలేనన్ని ఉన్నాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏదో తేడాగా లేదూ?

నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. డ్యూటీఫ్రీ రేవులో కనిపించే చవకదనం ఆ రేవులో పుట్టింది కాదు, మన ఒడ్డున పుట్టింది. మన ఒడ్డున సుంకాల గోడ ఎంత ఎత్తు లేస్తే, అక్కడి సరుకు మన కంటికి అంత చవగ్గా కనిపించింది. ఆ గోడ ఖరీదు మనం రూపాయల్లో కట్టాం, ఫోటోల్లో కూడా కట్టాం.

అసలు ఈ సుంకం లేని రేవులు ఎందుకొచ్చాయో చూద్దాం. వీటిని పెట్టింది టూరిస్టుల కోసం కాదండోయ్. 1819లో బ్రిటిష్‌వాళ్ళు సింగపూర్‌లో దిగినప్పుడు, చుట్టుపక్కల డచ్చివాళ్ళ రేవుల్లో సుంకాలు ఎక్కువ. ఓడల్ని తమ వైపు లాక్కోవాలంటే సుంకం ఎత్తెయ్యడమే దారి. అంతకుముందు పెనాంగ్‌లోనూ అదే ఎత్తు వేశారు. తరవాత 1841లో హాంకాంగ్, 1850లో ఏడెన్ ఆ జాబితాలో చేరాయి. సరుకు దిగుతుంది, గిడ్డంగిలో ఉంటుంది, ఇంకో ఓడెక్కి ఇంకో దేశం పోతుంది. మధ్యలో సుంకం అడిగేవాడు ఉండడు. సర్కారుకి వచ్చేదంతా ఆ రద్దీ మీద వచ్చే ఆదాయమే.

ఏడెన్ సంగతి ఇంకా తమాషా. 1869లో సూయజ్ కాలువ తెరిచాక, బొంబాయి నుంచి ఇంగ్లండు వెళ్ళే ఓడలు బొగ్గు కోసం, తరవాత్తరవాత చమురు కోసం అక్కడ ఆగేవి. ఆగిన కొన్ని గంటల్లో ప్రయాణికులు ఏం చేస్తారు? ఊళ్ళోకి దిగుతారు. ఆ కొన్ని గంటల మీద బతకడానికి స్టీమర్ పాయింట్ అనే పేటలో దుకాణాల వరసే లేచింది. వ్యాపారుల్లో మన దేశం నుంచి వెళ్ళిన పార్శీలు, గుజరాతీలు చాలామంది. 1950లకి వచ్చేసరికి ఏడెన్ ప్రపంచంలోనే అత్యంత రద్దీ రేవుల్లో ఒకటి. వాచీలు, రేడియోలు, కెమెరాలు అక్కడ కొనుక్కుని ఓడెక్కడం ఆ దారిన పోయేవాళ్ళకి ఒక ఆనవాయితీ అయిపోయింది. మనం ఇవాళ 'క్రూయిజ్ షాపింగ్' అంటున్నదానికి మూలపురుషుడు ఇదే అనుకోవచ్చు.

మరి మన వాళ్ళు ఎక్కిన ఓడలు ఎక్కడికి పోయేవి? చాలావరకు రంగూన్‌కి. మా వైపు ముసలివాళ్ళు 'రంగం' అంటారు. "ఆడు రంగం ఎల్లిపోనాడు" అంటే బర్మా పోయాడని అర్థం. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ఆగేవి. ఆగడం అంటే ఒడ్డుకి రావడం కాదు. ఓడ దూరంగా సముద్రంలో లంగరు వేసేది, జనం పడవల్లో వెళ్ళి ఎక్కేవారు. విశాఖలో ఓడ లోపలికి వచ్చే హార్బరు 1933లోగానీ తయారవలేదు. ఆ అక్టోబరులో అందులోకి మొదట వచ్చిన 'జలదుర్గ' కూడా ప్రయాణికుల ఓడే.

ఎక్కినవాళ్ళు డెక్కు ప్రయాణికులు. గది ఉండదు, పైన ఆకాశం, కింద చాప, పక్కన ట్రంకు పెట్టె. బర్మాలో వీళ్ళని 'కోరంగీలు' అనేవారు. గోదావరి దగ్గరి కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళందరికీ పడ్డ పేరు అది. రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పని చేసినవాళ్ళు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే, అందులో తెలుగువాళ్ళు గట్టి భాగం. మలయాకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. మలేసియా తెలుగువాళ్ళలో చాలామంది మూలాలు వెతికితే ఈ ఉత్తర కోస్తాలోనే తేలతాయి.

ఇక్కడొక సంగతి మనం సాధారణంగా గమనించం. 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. అంటే భీమిలిలో ఓడెక్కి రంగూన్‌లో దిగడం, చట్టం దృష్టిలో విజయనగరంలో రైలెక్కి కలకత్తాలో దిగడం లాంటిదే. సుంకం ఉన్న రేవు, లేని రేవు అనే తేడానే లేదు. కాబట్టి రంగం నుంచి వచ్చిన ట్రంకు పెట్టెలో కెమెరా లేకపోవడానికి కారణం కస్టమ్స్ కాదు, కూలి. 1900లోనే కొడాక్ కంపెనీ బ్రౌనీ కెమెరాని ఒక్క డాలరుకి అమ్మింది నిజమే. కానీ రేవు కూలి జీతంలో ఇంటికి పంపేది పోగా, మేస్త్రీ అప్పు తీర్చేది పోగా ఏం మిగుల్తుంది? డాలరు కెమెరా కూడా దొరల వస్తువే.

అయితే రంగూన్‌లో ఫోటోలు తీసేవాళ్ళు లేరా? బ్రహ్మాండంగా ఉన్నారు. క్లియర్ అనే జర్మన్ ఆయన, అహూజా అనే మన దేశస్థుడు రంగూన్‌లో తీసి అమ్మిన ఫోటోలూ పోస్టుకార్డులూ ఇప్పటికీ వేలంపాటల్లో దొరుకుతాయి. ఆనాటి ఇలాంటి పోస్టుకార్డుల్లో పగోడాలు ఉంటాయి, వీధులు ఉంటాయి, పని చేసుకుంటున్న మనుషులూ ఉంటారు. ఆ మనుషుల పేర్లు మాత్రం ఉండవు. అందులో ఒకడు సోంపేట వాడో పలాస వాడో అయ్యుండచ్చు. అలా మనవాళ్ళు కొందరు ఫోటోల్లోకి ఎక్కారు, కానీ వేరేవాళ్ళ ఆల్బములోకి.

అదే కాలంలో మన వైపు నుంచి ఇంకోలా ఓడెక్కినవాళ్ళూ ఉన్నారు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అనే ఆయన. ఆయన 36 పెట్టెల సామాను, ఇద్దరు నౌకర్లతో బయల్దేరారని క్రికెట్ చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. ఆయన ఎలా ఆడారన్నది వేరే గొడవ, అది కెలక్కండి :). నేను చూసేది లగేజీ. ఒకే జిల్లా, ఒకే దశాబ్దం. ఒకాయనకి 36 పెట్టెలు, ఆయన నిల్చున్నా కూర్చున్నా ఫోటో. ఇంకొకాయనకి ఒక ట్రంకు పెట్టె, ఫోటో లేదు. (అప్పట్లో అంతా విశాఖ జిల్లానే లెండి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో విడిగా ఏర్పడ్డాయి.)

సరే, ఇంతవరకు బీదరికం కథ. గోడ కథ స్వాతంత్ర్యం తరవాత మొదలవుతుంది.

ముందు బయట ఏం జరిగిందో చూడాలి. 1950లో లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో నిక్కోర్ లెన్సులు చూసి ఆశ్చర్యపోయాడు. వాటితోనే కొరియా యుద్ధం ఫోటోలు తీశాడు. అప్పటిదాకా మంచి కెమెరా అంటే జర్మనీదే అనుకున్న ప్రపంచం జపాన్ వైపు తిరిగింది. 1959లో నికాన్ ఎఫ్, 1964లో పెంటాక్స్ స్పాట్‌మాటిక్, 1966లో యాషికా ఎలక్ట్రో 35... వరసబెట్టి వచ్చాయి. దేశం దాటే కెమెరాలని తనిఖీ చేసి, బంగారు రంగులో చిన్న కోడిగుడ్డు ఆకారం స్టిక్కరు అంటించేవారు. పాత జపాన్ కెమెరా మీ ఇంట్లో ఉంటే చూడండి, 'పాస్డ్' అని రాసున్న ఆ స్టిక్కరు ఇప్పటికీ ఉండే అవకాశం ఉంది.

ఈ కెమెరాలన్నీ హాంకాంగ్, సింగపూర్, ఏడెన్ రేవుల్లో గుట్టలుగా దిగాయి. సుంకం లేదు కాబట్టి ఫ్యాక్టరీ ధర మీద దుకాణదారుడి లాభం, అంతే. సింగపూర్‌లో రాఫిల్స్ ప్లేస్ నుంచి సముద్రం ఒడ్డుకి పోయే చేంజ్ ఆలీ అనే ఇరుకు సందు ఉండేది. ఓడ దిగిన నావికుడు మొదట అడుగుపెట్టేది అక్కడే. డబ్బు మార్చేవాళ్ళు, వాచీలవాళ్ళు, కెమెరాలవాళ్ళు. ధర చెప్పడం, కాదనడం, నాలుగడుగులు వెనక్కి వెయ్యడం, మళ్ళీ పిలవడం. మన పూర్ణా మార్కెట్‌లో ఆరితేరినవాడికి అక్కడ ఇబ్బందేం ఉండదు. మోసాలూ అలాగే ఉండేవి. కెమెరా ధర చెప్పి లెన్సు వేరే అనడం, తోలు కేసుకి విడిగా గుంజడం, వారంటీ కార్డు లేని సరుకు అంటగట్టడం. ఆ సందుని 1989లో పడగొట్టేశారు.

ఇటు మన ఒడ్డున ఏమైంది? 1957 నాటికి రెండో పంచవర్ష ప్రణాళిక నడుస్తోంది, విదేశీ మారకద్రవ్యం అడుగంటింది. యంత్రాలకే డాలర్లు లేనప్పుడు కెమెరాలకి ఎవరిస్తారు? దిగుమతి లైసెన్సులు బిగించేశారు. 1962లో కొత్త కస్టమ్స్ చట్టం వచ్చింది. విలాస వస్తువుల కింద లెక్కేసే సరుకు మీద సుంకాలు అసలు ధరని మించిపోయాయి. ఎంత ఎత్తుకి పోయాయంటే, 1991 జూలై బడ్జెట్‌లో గరిష్ఠ సుంకాన్ని 150 శాతానికి *తగ్గిస్తున్నాం* అని చెప్పుకోవాల్సి వచ్చింది!

ప్రభుత్వం తరఫు వాదన కూడా ఒప్పుకుందాం. తిండిగింజలే ఓడల్లో తెచ్చుకుంటున్న దేశం కెమెరాల మీద డాలర్లు ఖర్చు పెట్టకూడదనుకోవడం తప్పేం కాదు. 'మనమే తయారు చేసుకుందాం' అన్నదీ మంచి మాటే. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ పెట్టారు, 'ఇందు' ఫిలిం వచ్చింది. బరోడాలో ఆగ్ఫా క్లిక్ త్రీ తయారైంది, చాలా ఇళ్ళకి అదే మొదటి కెమెరా. కలకత్తాలో ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ 'నేషనల్ 35' అని ఒకటి చేసింది, కానీ దాన్ని చూసినవాళ్ళే తక్కువ. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, పాత సిస్టం తీసేశారు గానీ కొత్తది డెలివరీ అవలేదు. మధ్యలో యూజరు ఇరుక్కుపోయాడు.

ఎవరా యూజరు? మా తాత కాదు, ఆయన ఎలాగూ కెమెరా కొనడు. మా వైపు చిన్న ఊళ్ళో స్టూడియో పెట్టుకున్నవాడు. టెక్కలిలోనో పార్వతీపురంలోనో బొబ్బిలిలోనో ఒక మంచి ట్విన్ లెన్స్ కెమెరా కావాలంటే అతనికి ఏం దారులున్నాయి? అరుదైన లైసెన్సు సరుకు, పెద్ద ఊళ్ళో సెకండ్ హ్యాండ్, లేదా ఓడ దిగినవాడు.

ఓడ దిగేవాళ్ళలో రకాలున్నాయి. ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి పైచదువులకి ఇంగ్లండు వెళ్ళొచ్చిన డాక్టర్లు ఒక రకం, వీళ్ళది ఏడెన్ దారి. మద్రాసు నుంచి నాగపట్నం, పెనాంగ్ మీదుగా సింగపూర్ పోయే 'రజులా', తరవాత 'చిదంబరం' ఓడల్లో చుట్టాల దగ్గరికి వెళ్ళొచ్చేవాళ్ళు ఇంకో రకం. మూడో రకం ఓడలో పని చేసే సీమెన్. ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు, ఓడ ఉద్యోగమో షిప్‌యార్డు ఉద్యోగమో చేసినవాడు లేని ఊరు తక్కువ. కొబ్బరితోట, జీడితోట చూసుకునేవాళ్ళు ఇంట్లో, సంపాదించేవాడు నీళ్ళ మీద.

ఆ సీమాన్ పెట్టెలో ఒక కెమెరా, ఒక ట్రాన్సిస్టరు, నాలుగు వాచీలు ఉంటే అది ఒక చిన్న దిగుమతి కంపెనీ. మద్రాసులోనో కలకత్తాలోనో కస్టమ్స్ బల్ల ముందు జరిగే నాటకం గురించి అందరూ చెప్పుకునే చిట్కా ఒకటుంది. అట్టపెట్టె సముద్రంలో పారేసి, కెమెరాలో రీలు ఎక్కించి, మెడలో వేసుకుని నడవాలి. కొత్త కెమెరా అయితే సుంకం, 'వాడుకుంటున్నది' అయితే వదిలేస్తారు. మెడలో ఉన్న కెమెరాతో దారిలో ఏదో ఒకటి తియ్యాలి కాబట్టి, ఆ మొదటి రీళ్ళలో ఓడ రైలింగులూ అలలూ తప్ప ఏం ఉండవని జోకు.

ఏడెన్ దారి 1967లో మూసుకుపోయింది. ఆ జూన్‌లో యుద్ధం వల్ల సూయజ్ కాలువ ఆగింది, మళ్ళీ తెరుచుకుంది 1975లో. ఆ నవంబరులో బ్రిటిష్‌వాళ్ళూ ఏడెన్ వదిలిపోయారు. ఓడలు రాని రేవులో దుకాణాలు ఎలా ఉంటాయి! 'చిదంబరం' కథ 1984 ఫిబ్రవరిలో జరిగిన అగ్నిప్రమాదంతో ముగిసింది. అప్పటికే డబ్బున్నవాడు విమానం ఎక్కేశాడు.

ఈ మధ్యలోనే మన వాళ్ళకి ఇంకో దెబ్బ తగిలింది, దాన్ని చెప్పకుండా ఈ కథ పూర్తవదు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది నడిచీ ఓడలెక్కీ పారిపోయి వచ్చారు. యుద్ధం తరవాత కొందరు మళ్ళీ వెళ్ళారు. 1964 మార్చిలో నీ విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసింది, మే నెలలో 50, 100 చాట్ నోట్లు రద్దు చేసింది. మళ్ళీ ఓడలు, మళ్ళీ కట్టుబట్టలు. నగలూ డబ్బూ సామానూ తీసుకెళ్ళడం మీద అక్కడ కఠినమైన ఆంక్షలు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా పుట్టిందే. కస్టమ్స్ బల్ల అంటే మనకి గుర్తొచ్చేది 'లోపలికి ఏం తెచ్చావు' అన్న ప్రశ్న. వీళ్ళని అడిగింది 'బయటికి ఏం పట్టుకుపోతున్నావు' అని. మూడు తరాల బతుకు ఒక ట్రంకు పెట్టెలో సర్దుకోమంటే ఫోటోలు ఎన్ని పడతాయి, ఎన్ని తడవకుండా వస్తాయి?

చరిత్ర చేసిన వింత చూడండి. మద్రాసులో బర్మా నుంచి వచ్చినవాళ్ళకి బతుకుతెరువు కోసం 1969లో రేవు దగ్గర, బీచ్ స్టేషన్ ఎదురుగా దుకాణాలు పెట్టించారు. అదే బర్మా బజారు. అక్కడ అమ్మింది ఏమిటి? ఓడల మీద దిగిన ఫారిన్ సరుకు. కెమెరాలు, రేడియోలు, సెంట్లు, తరవాత వీసీఆర్‌లు. సింగపూర్ ధరకీ మన గోడ లోపలి ధరకీ మధ్య ఉన్న తేడాయే ఆ బజారుకి పెట్టుబడి. ఒక ప్రభుత్వం అన్నీ లాక్కుని పంపిస్తే, ఇంకో ప్రభుత్వం కట్టిన గోడ నీడలో వాళ్ళు బతికారు. మద్రాసు పనిమీద వెళ్ళిన మన వాళ్ళు బర్మా బజారు చూడకుండా వచ్చేవాళ్ళా?

ఇప్పుడు ఆ చిన్న ఊరి స్టూడియోకి తిరిగి వద్దాం. అంత కష్టపడి తెచ్చుకున్న కెమెరాలో 120 సైజు ఫిలిం ఎక్కిస్తే చదరపు ఫోటోలు వచ్చేది 12. రెండు రీళ్ళు వేస్తే పెళ్ళికి 24. మరి ఆ 24లో ఎవరుంటారు? తాళి కట్టడం, తలంబ్రాలు, వియ్యంకులు, ఊరి పెద్ద, కట్నం ఇచ్చినాయన. వంటశాలలో ఉన్న అత్త ఉండదు. పందిరి వేసినవాళ్ళు ఉండరు. ముసలమ్మ ఉంటే గ్రూపు ఫోటోలో మూడో వరసలో సగం మొహం ఉంటుంది. "ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మన పెద్దవాళ్ళు ఒప్పుకునేవారు కాదు" అని చాలామంది చెప్తారు. ఆ నమ్మకం ఉండేది, కాదనను. కానీ ఒక్కో ఫోటోకి లెక్క చూసుకునే రోజుల్లో, ముసలమ్మ వద్దంటే బతిమాలే ఓపిక ఎవరికి ఉంటుంది? నమ్మకానికి కొరత తోడైంది. ఆ కొరతలో కొంత బీదరికం, కొంత ఆ గోడ.

ఆ గోడ ఎలా కూలిందో చెప్తాను. 1991 నుంచి సుంకాలు ఏటేటా దిగాయి. 1996 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో ఐటీ వస్తువుల మీద సుంకాలు ఎత్తేసే ఒప్పందం కుదిరింది. ఎక్కడో తెలుసా? సింగపూర్‌లోనే! మన దేశం 1997లో చేరింది, 2005కల్లా దశలవారీగా సున్నాకి దింపుతానంది. ఆ జాబితాలో కంప్యూటర్లతో పాటు డిజిటల్ స్టిల్ కెమెరా కూడా ఉంది. నావికులూ కస్టమ్స్ వాళ్ళూ నలభై ఏళ్ళు ఆడిన దాగుడుమూతలు ఒక కాగితంతో దాదాపు ముగిశాయి. అటు సింగపూర్ కూడా 1994లో 3 శాతంతో జీఎస్‌టీ మొదలుపెట్టి, 2024కి 9 శాతానికి తెచ్చింది. పాత చవక రేవులో కూడా ఇప్పుడు పన్ను ఉంది, వెళ్ళేటప్పుడు రీఫండు అడిగి తెచ్చుకోవాలి.

ఇక లెక్క. 2019 అంకెలతో వేద్దాం. పన్ను లేకుండా ధర రెండు చోట్లా లక్ష రూపాయలే అనుకుందాం. ఇక్కడ కెమెరా మీద జీఎస్‌టీ ఆ జనవరిలో 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి ఇక్కడ 1,18,000. సింగపూర్‌లో పన్నంతా వెనక్కి వచ్చిందనుకుంటే 1,00,000. దిగాక 2016 బ్యాగేజ్ నిబంధనల ప్రకారం 50,000 దాకా మినహాయింపు. మిగతా 50,000 మీద 38.5 శాతం, అంటే 19,250. మొత్తం 1,19,250. ఇక్కడ కొన్నదానికంటే 1,250 ఎక్కువే! భార్యాభర్తల మినహాయింపు కలిపి ఒకే వస్తువుకి వాడుకోవడం కుదరదు. ఒక్క కెమెరా 50,000 లోపే అయితే ఓ తొమ్మిది వేలు మిగులుతాయి, అందులో రీఫండు కంపెనీ కోత పోతుంది. లోకల్ వారంటీయే ఇచ్చే కంపెనీ అయితే రిపేరు వచ్చినప్పుడు ఆ మిగులూ పోతుంది. అంకెలు మారుతూ ఉంటాయి. బయల్దేరేముందు ఆ రోజు నిబంధన చూసుకుని ఇదే పద్ధతిలో వెయ్యండి. ఇక్కడి కెమెరా పట్టుకెళ్తుంటే వెళ్ళేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, వచ్చేటప్పుడు 'ఇది నాదే బాబూ' అని వాదించే పని తప్పుతుంది. అన్నట్టు, 2022 జూన్‌లో విశాఖకి వచ్చిన కార్డీలియా 'ఎంప్రెస్' ఓడ తిరిగింది పుదుచ్చేరి, చెన్నై. అది స్వదేశీ ప్రయాణం, అందులో పైదేశం రేవు ప్రసక్తే లేదు.

ఆ 2016 నిబంధనల్లో రెండు వాక్యాలు నన్ను ఆపేశాయి. మామూలు ప్రయాణికుడికి 50,000 అంటే, మయన్మార్ నుంచి వచ్చేవాడికి 15,000. ఓడ సిబ్బంది మధ్యమధ్యలో ఇంటికొచ్చినప్పుడు చాక్లెట్లు, చిన్న బహుమతుల్లాంటివి 1,500 రూపాయల దాకానే, మామూలు మినహాయింపు ఉద్యోగం ముగించి దిగినప్పుడే. రాసినవాళ్ళకి వాళ్ళ కారణాలు ఉండే ఉంటాయి. కానీ రంగం వెళ్ళొచ్చినవాడు, ఓడలో పని చేసేవాడు, మా జిల్లాలు తరతరాలుగా పంపింది ఈ ఇద్దర్నే. క్రూయిజ్‌లో సరదాకి వెళ్ళొచ్చిన నాలాంటివాడికి ఉన్న పాటి చోటు ఆ నిబంధనల్లో వాళ్ళ పెట్టెకి లేకపోయింది.

ఇప్పుడు కెమెరా కొరత లేదు. అందరి జేబుల్లో ఫోన్లున్నాయి, పెళ్ళికి మూడువేల ఫోటోలు. కొరతగా ఉన్నది పాతవి. బర్మా నుంచి ట్రంకు పెట్టెలో వచ్చినవి, చేంజ్ ఆలీలో కొన్న కెమెరాతో తీసినవి, చిన్న ఊరి స్టూడియోలో 12లో ఒకటిగా మిగిలినవి. ఉద్దానంలో 2018 తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఇళ్ళ పైకప్పులు లేపేసింది. అలాంటి రాత్రి అటక మీది ఆల్బమ్ ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కాబట్టి నన్ను కెమెరా గురించి అడిగేవాళ్ళకి ఇప్పుడు నేను చెప్పేది ఇదే. కొత్తది ఎక్కడ కొన్నా నాలుగైదు వేల తేడా, పెద్ద విషయం కాదు. దసరాకి ఊరెళ్ళినప్పుడు ఆ పాత ఫోటోలు కిందికి దించండి. స్కానర్ లేకపోతే నీడ పట్టున, వెలుగు సమంగా పడే చోట ఫోన్‌తోనే తియ్యండి, వెనకవైపు కూడా తియ్యండి, స్టూడియో ముద్ర అక్కడే ఉంటుంది. తరవాత ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, ఒక్కొక్క మొహం మీద వేలు పెట్టి "ఈయనెవరు, ఏ ఓడ మీద వచ్చాడు" అని అడిగి రాసుకోండి. మూడో వరసలో సగం కనిపించే ముసలమ్మ పేరు తెలిసినవాళ్ళు మీ ఇంట్లో ఇంకా ఒకరిద్దరే ఉండి ఉంటారు.